రోములో కుక్కరు కాల్చింది నేనే

మా ఎదురింటి డాక్టరు గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను వంటింటి సింకు దగ్గర బియ్యం కడుగుతున్నాను. ఆ రోజు శనివారం. శనివారం పొద్దున్నే రెండు గ్లాసుల బియ్యం కడిగి, గిన్నె రెండు చేతులా పట్టుకుని, వీధి దాటి ఆయన గరాజ్‌లోకి వెళ్ళడం రెండేళ్ళుగా నాకున్న పని. మా అల్లుడు ఫోను చెవి దగ్గర ఉంచుకునే వచ్చి, "మామయ్య గారూ, ఆ గిన్నె కింద పెట్టండి" అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గరాజ్ తలుపు మూసే ఉంది. ఆరున్నరకల్లా పైకి లేచి ఉండాల్సిన తలుపు అది. అప్పటికి ఎనిమిది దాటింది.

నిద్రలోనే వెళ్ళిపోయారట. బతికినన్నాళ్ళూ ఒక్కచోట పది నిమిషాలు కుదురుగా ఉండని మనిషి, పడుకున్నవారు పడుకున్నట్టే వెళ్ళారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. కింద పెట్టమన్న గిన్నె పట్టుకునే హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్ళీ వంటింట్లోకి తిరిగాను. చివరికి మా ఆవిడ వచ్చి నా చేతుల్లోంచి దాన్ని తీసుకుంది.

ఇది జరిగి ఐదు నెలలు దాటింది. ఈ టెక్సాస్‌లో మన కాపెల్ ఊరి తెలుగు పత్రికవాళ్ళు అప్పుడే రెండు ముక్కలు రాయమన్నారు. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, లారీ మీద క్లీనరుగా ఎక్కి, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి. నాకు రాయడం రాదన్నాను. అది సాకు. అసలు సంగతి, ఆయన నాకొక పని అప్పజెప్పారు. దాన్ని చెయ్యకుండానే ఆయన్ని సాగనంపాను. పైగా ఆ రోజుల్లోనే, ఈ వయసులో ఇంత కలుగుతుందా అనిపించేంత సంతోషం కూడా నా ఇంటికొచ్చింది. ఈ రెండూ కలిసి నన్ను కూర్చోనివ్వడం లేదు. ఈ కాగితం కూడా నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లు కూర్చుని రాస్తున్నాను. ఎక్కడైనా దారి తప్పితే మన్నించండి.

మేము మా అమ్మాయి దగ్గరికి వచ్చిన కొత్తలో, నేను వీధిలో నడుస్తుంటే ఎదురుగా ఒక పెద్దాయన చకచకా వచ్చి చెయ్యి కలిపారు. కలిపిన చెయ్యి వదలకుండా రెండు వేళ్ళు నా మణికట్టు మీదికి జరిపి, గడియారం చూసుకుని, "డెబ్బై రెండు. బావుంది. ఇండియాలో ఏం చేసేవారు?" అని అడిగారు. బస్సు నడిపేవాణ్ణండి అన్నాను. చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గింది. ఈ వీధిలో అందరూ ఇంజనీర్లు, డాక్టర్లు. ఆయన మాత్రం, "అయితే మీరు మా పైలట్" అన్నారు. ఆ రోజు నుంచి చివరిదాకా నన్ను ఆ పేరుతోనే పిలిచారు. 'మీరు' కాస్తా నెల తిరక్కుండానే 'నువ్వు' అయింది. అదీ నాకు సంతోషమే.

గుండె డాక్టరు. ఈ దేశం వచ్చి అప్పటికే ముప్పై ఏళ్ళు దాటింది. రిటైరయినా ఆసుపత్రిలో రౌండ్లు తిరుగుతున్నట్టే నడిచేవారు. అన్నం నిలబడి తినేవారు. ఎవరింటికి వెళ్ళినా కారు తాళాలు చేతిలోనే ఆడిస్తూ ఉండేవారు. కూర్చోండి డాక్టరు గారూ అంటే, "కూర్చుంటే కుర్చీ మనిషిని తినేస్తుంది" అనేవారు.

ఆయన భార్యని నేను అక్కయ్య గారూ అని పిలిచేవాణ్ణి. ఆవిడ దీనికి పూర్తిగా ఎదురు. మెట్టు కనిపిస్తే కూర్చుంటారు. గట్టు కనిపిస్తే కూర్చుంటారు. "కాసేపు కూర్చుంటే గానీ ఏ ఊరూ మనతో మాట్లాడదు తమ్ముడూ" అనేవారు. ఈ ఇద్దరూ ఒక కారులో ఎలా ప్రయాణం చేస్తారా అని మా ఆవిడా నేనూ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

2004 వేసవిలో ఇక్కడి తెలుగువాళ్ళు నలభై మంది కలిసి యూరప్ టూరు పెట్టుకున్నారు. మమ్మల్నీ రమ్మని డాక్టరు గారు పట్టుబట్టారు. వీసా కాగితాలు ఆయనే నింపారు. ఉద్యోగం అన్న చోట ట్రాన్స్‌పోర్టేషన్ అని రాసి, "అబద్ధం కాదుగా పైలట్" అన్నారు. పదకొండు రోజులు, ఏడు ఊళ్ళు. వియన్నాలో రాజుల కోట ముందు అక్కయ్య గారు రాతిబల్ల మీద కూర్చోబోతే, "పద పద, చూడ్డానికొచ్చామా, కూర్చోడానికొచ్చామా" అని లేవదీశారు. వెనిస్‌లో కాలవ గట్టు మీదా అంతే. ఫ్లారెన్స్‌లో వంతెన మీదా అంతే. ప్రతిచోటా ఆయన చెప్పేది ఒకటే మాట: "మళ్ళీ వచ్చినప్పుడు కూర్చుందాంలే."

నేను మాత్రం బస్సులో ముందు సీటు వదల్లేదు. ఆ ఇటలీ డ్రైవరుకి నా భాష రాదు, నాకు అతని భాష రాదు. కానీ అతను గేరు మార్చే తీరు చూస్తే ముచ్చటేసేది. ఇరుకు సందులో అంత పెద్ద బస్సుని వెనక్కి తీస్తుంటే నా కుడికాలు నాకు తెలియకుండానే బ్రేకు వెతుక్కునేది. అందరూ గోపురాలు చూశారు, నేను మలుపులు చూశాను.

ఇక రోము సంగతి. అక్కడికి చేరేసరికి మా అందరికీ నాలుక చచ్చిపోయి ఉంది. వారం రోజులుగా రొట్టె, చీజు, మళ్ళీ రొట్టె. అక్కయ్య గారు కాపెల్ నుంచి చిన్న రైసు కుక్కరు, రెండు కిలోల సన్నబియ్యం, మాగాయ సీసా తెచ్చారు. హోటల్ పక్క సందులో ఒక చిన్న చర్చి, నాలుగు మెట్లు, ఎదురుగా నీళ్ళు చిమ్మే తొట్టి. పొద్దున్న బస్సు దిగగానే ఆవిడ ఆ మెట్లు చూసి, "సాయంత్రం ఇక్కడ కూర్చుని నాలుగు ముద్దలు పెరుగన్నం తింటే చాలు తమ్ముడూ, నాకు రోము చూసినట్టే" అన్నారు.

సాయంత్రం డాక్టరు గారు ఎప్పట్లా ఏదో చూడ్డానికి నడిచి వెళ్ళారు. అక్కయ్య గారు పెరుగు కొనడానికి మా ఆవిణ్ణి వెంటపెట్టుకుని వెళ్తూ, తమ గదిలో నన్ను కూర్చోబెట్టి, "బియ్యం కడిగి ఎసరు పోసి ఉంచు తమ్ముడూ. స్విచ్ మాత్రం వెయ్యకు. ఇక్కడి కరెంటు వేరు, దాన్ని తగ్గించే డబ్బా ఆయన బ్యాగులో ఉంది, ఆయనొచ్చాక వేద్దాం" అన్నారు. ఈ మాట ఆవిడ స్పష్టంగా చెప్పారు. నేను స్పష్టంగా విన్నాను.

విని కూడా స్విచ్ వేశాను. ముప్పై ఏళ్ళు బస్సు వైరింగు నా చేత్తో చేసుకున్నవాణ్ణి, కరెంటు గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. వాళ్ళు వచ్చేసరికి వేడి అన్నం తయారుగా ఉంటే ఎంత మెచ్చుకుంటారో అని కూడా అనుకున్నాను. ఇండియాలో కొన్న కుక్కరైతే ఆ కరెంటుకి సరిపోయేది. ఇది అమెరికా కుక్కరు. సగం కరెంటుకి అలవాటు పడ్డది. ఒక నిమిషం బుసకొట్టింది, టప్ మంది, పొగ కమ్మింది, ఆ అంతస్తు మొత్తం లైట్లు పోయాయి, గంటలు మోగాయి. హోటల్లో ఉన్నవాళ్ళందరూ వీధిలోకొచ్చారు. మా నలభై మందీ వచ్చారు. ఎవరో నలుగురు క్రైస్తవ సన్యాసినులు కూడా వచ్చి జపమాలలు తిప్పుకుంటూ నిలబడ్డారు. మేనేజరు మాడిన కుక్కరుని రెండు చేతులా పైకెత్తి వాళ్ళ భాషలో అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు డాక్టరు గారు వచ్చారు. "ఎవరు పెట్టారు ప్లగ్గు?" అన్నారు. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి మాట రాకముందే, రెండు పెరుగు డబ్బాలు పట్టుకుని సందు మలుపు తిరిగి వచ్చిన అక్కయ్య గారు, "నేనే. తొందరపడి పెట్టేసి వెళ్ళాను" అన్నారు.

ఆయన నలభై మంది ముందు ఆవిణ్ణి అనకూడని మాటలన్నీ అన్నారు. "ముప్పై ఏళ్ళుగా ఆ దేశంలో ఉన్నావు, కరెంటు తేడా తెలియదా నీకు? నిన్ను తీసుకురావడమే నా బుద్ధి తక్కువ." ఆవిడ ఒక్కసారి నా వైపు చూశారు. నోరు మూసుకోమని ఆ చూపుకి అర్థం. నేను మూసుకున్నాను. అందులో భయం ఎంత, మర్యాద ఎంత అని మీరడిగితే, భయమే ఎక్కువ.

మర్నాడు బస్సు ఎక్కుతుంటే, ఎందుకలా చేశారు అక్కయ్య గారూ అని అడిగాను. "నిన్ను అంటే, డ్రైవర్ని తీసుకొస్తే ఇంతే అని ఇంకెవరో అంటారు. నన్ను అంటే మా ఇంట్లో మాట మా ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆ మెట్ల మీద ఎవరం కూర్చోలేదు. ఆ ప్రయాణంలో మిగిలిన మూడు రోజులూ ఆవిడ ఎక్కడా కూర్చుంటానని అడగలేదు.

ఆ మాట వాళ్ళింట్లో ఉండలేదు. కాపెల్‌లో ఏ పుట్టినరోజుకి వెళ్ళినా, ఏ సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినా ఆ కథ బయటికొచ్చేది. డాక్టరు గారి స్నేహితుడు, అప్పట్లో ఇక్కడే ఉండి తర్వాత కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి మారిన ఇంజనీరు గారు, ఆ టూరులో మాతో ఉన్నాయన, ఆ కథ చెప్పడంలో మొనగాడు. నవ్వించడమే తప్ప ఆయనకి వేరే ఉద్దేశం లేదు. అక్కయ్య గారు కూడా నవ్వేవారు. నేను లేచి మంచినీళ్ళకి వెళ్ళేవాణ్ణి. ఆరేళ్ళు అలా మంచినీళ్ళు తాగాను. ఆరేళ్ళ తర్వాత ఆవిడ జబ్బు చేసి వెళ్ళిపోయారు. నా మాట నాలోనే ఉండిపోయింది.

ఆవిడ పోయిన రెండేళ్ళకి డాక్టరు గారు ఒకరోజు మా గరాజ్‌లోకి వచ్చి, అటకమీద ఉన్న అట్టపెట్టె చూపించి, "అదేంటి పైలట్?" అన్నారు. ఇండియా నుంచి మేము తెచ్చుకున్న కుక్కరది. ఇక్కడి కరెంటుకి అందులో బియ్యం నానుతుందే తప్ప ఉడకదు. పారెయ్యడానికి మా ఆవిడ ఒప్పుకోదు. ఆయన దాన్ని దింపించి, దుమ్ము తుడిచి, అడుగున రాసినదంతా కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఇది అక్కడ పనిచేస్తుంది" అన్నారు. ఎక్కడండీ అంటే, "రోములో. మళ్ళీ వచ్చినప్పుడు కూర్చుందామని ఆవిడకి ఏడు ఊళ్ళలో చెప్పాను. నువ్వు రావాలి. నాకు ఒక్క సందూ గుర్తులేదు. నీకు దారి గుర్తుంటుంది" అన్నారు.

అలా 2012లో మళ్ళీ వెళ్ళాం. ఈసారి నలుగురమే. ఆయన, నేను, మా ఆవిడ, ఇంజనీరు గారు. ఏడు ఊళ్ళు కాదు, అక్కయ్య గారిని లేవదీసిన ఊళ్ళు మాత్రమే. వియన్నాలో ఆ రాతిబల్ల అక్కడే ఉంది. డాక్టరు గారు కూర్చున్నారు. కూర్చోవడం రాని మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. వెన్ను ఆనించరు. బూటు కొన నేలని తడుతూనే ఉంటుంది. ఎవరో పిలుస్తున్నట్టు అటూ ఇటూ చూస్తారు. అయినా లేవలేదు, అరగంట అయ్యేదాకా.

"డాక్టర్ సాబ్, ఇంకెంత సేపు కూసుంటం? పోయినసారి మమ్మల్ని ఉరికిచ్చి సంపితివి, ఈసారి కూసోబెట్టి సంపుతవా?" అన్నారు ఇంజనీరు గారు.

"నువ్వు నడువ్. నేనిక్కడ బాకీ తీరుస్తున్నా" అన్నారాయన.

వెనిస్‌లో కూర్చున్నారు. ఫ్లారెన్స్‌లో వంతెన దగ్గర కూర్చున్నారు. పోయినసారి ఆ నదిలో నీళ్ళున్నాయని కూడా నేను గమనించలేదు. మా ఆవిడ మోకాళ్ళు నొక్కుకుంటూ, "ఇలా చూస్తే ఊరు ఊరులా ఉంది" అంది. నాకు మాత్రం ఒక్క ఊరూ కంటికి ఆనలేదు. రోము దగ్గరపడుతోంది. ఆయన తీరుస్తానంటున్న బాకీలో సగం నాదని ఆయనకి తెలియదు. రైల్లో నేను లేచి నడుస్తూనే ఉన్నాను. "ఏమైంది పైలట్, నా జబ్బు నీకంటిందా?" అని నాడి పట్టుకుని చూశారు. "తొంభై ఆరు. ఏం తిన్నావు?" అన్నారు. నేను మళ్ళీ లేచి తలుపు దాకా నడిచాను.

రోములో ఆ హోటల్ పేరు ఎవరికీ గుర్తులేదు. ఇంజనీరు గారు ఫోనులో మ్యాపు తీసి మమ్మల్ని మూడు వీధులు తిప్పి, మళ్ళీ బయల్దేరిన చోటికే తెచ్చారు. "ఫోను మంచిదే. ఊరే జరిగినట్టుంది" అన్నారు. అప్పుడు నేను స్టేషన్ ముందు నిలబడి కళ్ళు మూసుకుని, బస్సు ముందు సీట్లో కూర్చున్నట్టు అనుకున్నాను. ట్రాము పట్టాలు దాటాలి. కుడిచేతికి రొట్టెల కొట్టు. తర్వాత ఎడమకి, ఆ ఇటలీ డ్రైవరు మూడుసార్లు వెనక్కీ ముందుకీ తీసి తిప్పుకున్న మలుపు. ఆ గోడ మీద బస్సులు గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. హోటల్ ఉన్నచోట ఏదో ఆఫీసు వచ్చింది. సందు, చర్చి, నాలుగు మెట్లు, నీళ్ళ తొట్టి మాత్రం అలాగే ఉన్నాయి. డాక్టరు గారు నా భుజం మీద చెయ్యేశారు.

దగ్గర్లోనే, వంటిల్లు ఉన్న గదిలో దిగి కుక్కరు పెట్టాం. ఇంజనీరు గారు, "నేను బయట నిలబడ్త. వదిన చేసిన పని యాదికున్నది నాకు" అని గెలాటో అనే వాళ్ళ ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళిపోయారు. డాక్టరు గారే ప్లగ్గు పెట్టారు. ఎర్రలైటు వెలిగింది. పదకొండేళ్ళు అమెరికాలో ఊరికే పడున్న కుక్కరు పావుగంటలో మూత ఎగరేస్తూ ఉడికింది. ఆ వాసనకి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పెరుగు కలిపి, మాగాయ ముక్క పెట్టి, డబ్బాలో సర్ది ఇచ్చి, కాళ్ళు లాగుతున్నాయని తను గదిలోనే ఉండిపోయింది. మేమిద్దరమే మెట్ల దగ్గరికి వెళ్ళాం.

డాక్టరు గారు మొదటి ముద్ద తీసి, పక్కనున్న మెట్టు మీద కాగితం పరిచి పెట్టారు. తద్దినాల దగ్గర పిండం పెట్టినట్టు. ఆయన ఇలాంటివి నమ్మే మనిషి కాదు. ఊరికే చేతికొచ్చినట్టు పెట్టారు. ఆ ఊళ్ళో కాకులు ఒంటికి బూడిద రంగు, తలకి నలుపు. ఒకటి వచ్చి తొట్టి అంచు మీద వాలింది. ముద్ద వైపు చూసింది. రాలేదు. పది నిమిషాలైంది. ఇరవై నిమిషాలైంది. అక్కడే ఉంది, రాలేదు.

"మన వైపు ఏమంటారు పైలట్, కాకి ముట్టకపోతే?" అన్నారు, నవ్వుతున్నట్టే.

"ఏదో కోరిక మిగిలిందంటారండి."

"కూర్చున్నానుగా. ఇంకేం మిగిలింది ఆవిడకి?" బూటు కొన మళ్ళీ నేలని కొట్టడం మొదలైంది.

ఇక నా వల్ల కాలేదు. స్విచ్ వేసింది నేనండీ అన్నాను. ఆవిడ వెయ్యొద్దని చెప్పి వెళ్ళారు, నేనే వేశాను, నన్ను కాపాడ్డానికి తన మీద వేసుకున్నారు అని మొత్తం చెప్పేశాను. తలెత్తలేదు.

ఆయన లేచారు. తొట్టి చుట్టూ తిరగడం మొదలెట్టారు. మూడుసార్లో నాలుగుసార్లో తిరిగి నా ముందు ఆగారు.

"అప్పుడే నువ్వని తెలిస్తే నిన్నేమనేవాణ్ణి చెప్పు. ఫర్వాలేదులే పైలట్ అనేవాణ్ణి. అంతేగా?"

"అంతేనండి."

"మరి ఆవిణ్ణి ఎందుకన్నాను? ఆవిడ నాది కాబట్టి. అనొచ్చు కాబట్టి." మళ్ళీ ఒక చుట్టు తిరిగి వచ్చారు. "కుక్కరు కాల్చింది నువ్వు. మనిషిని కాల్చింది నేను. నీ వాటా చిన్నది, నువ్వు మోసుకోనక్కర్లేదు."

క్షమించండి డాక్టరు గారూ అన్నాను.

"నాకు చెబితే ఏం లాభం? ఆ మాట విన్నవాళ్ళు నలభై మంది. ఎనిమిదేళ్ళుగా నవ్వుతున్నవాళ్ళు ఇంకా ఎక్కువమంది. వాళ్ళకి చెప్పు. నేను చెబితే భార్యని వెనకేసుకొస్తున్నాడంటారు. చెప్పాల్సింది నువ్వే."

చెబుతానన్నాను. ఆయన మళ్ళీ మెట్టు మీద కూర్చున్నారు. ఈసారి వెన్ను రాతికి ఆనించారు. పెరుగన్నం మొత్తం తిన్నారు, కూర్చునే తిన్నారు. కాకి మాత్రం రాలేదు. ఇంజనీరు గారు చేతులు కారిపోతుండగా ఐస్‌క్రీములు పట్టుకొస్తే లేచాం. సందు చివర డాక్టరు గారు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

కాపెల్ వచ్చాక ఆయన చేసిన మొదటి పని, ఎలక్ట్రీషియన్ని పిలిపించి, బట్టలారబెట్టే మెషీనుకి పెట్టే రకం, ఇండియాలో అంత కరెంటు వచ్చే పెద్ద పాయింటు తన గరాజ్‌లో పెట్టించడం. ఏం మెషీను తగిలిస్తారని అతను అడిగితే, "ఇండియన్ మెషీన్" అన్నారు. అప్పటినుంచి శనివారం శనివారం ఆ గరాజ్‌లో మా కుక్కరు అన్నం. రెండు మడత కుర్చీలు. ఆయన కూర్చుని తినేవారు. వీధిలో వెళ్ళేవాళ్ళని పిలిచి పెట్టేవారు. పెళ్ళయిన పదకొండేళ్ళకి మా అమ్మాయి నెల తప్పిందని చెబితే ఆయన కుర్చీలోంచి లేచి గరాజంతా తిరిగి, "పుట్టాక మొదటి ముద్ద ఈ కుక్కరు అన్నమే పైలట్. రాసిపెట్టుకో" అన్నారు. రోము మాట మాత్రం నెలకోసారి అడిగేవారు. "చెప్పావా?" లేదండి, వచ్చే ఉగాదికి చెబుతాను. "చెప్పావా?" లేదండి, అందరూ కలిసినప్పుడు చెబుతాను. ఆయన ఒక్కసారి కూడా కోప్పడలేదు. కోప్పడి ఉంటే చెప్పేసేవాణ్ణేమో.

ఆయన పోయిన పదో రోజు ఊళ్ళో కమ్యూనిటీ హాల్లో సంస్మరణ సభ పెట్టారు. ఆ నలభై మందిలో ఇరవై మందికి పైగా వచ్చారు. ఇంజనీరు గారు ఫ్రీమాంట్ నుంచి విమానంలో వచ్చి, ఏడుస్తూ మాట్లాడి, అందరినీ కొంచెం తేలికపరచడానికని, "రోము రెండుసార్లు కాలింది. ఒకటి చరిత్రల. రెండోది మా వదిన కుక్కర్ తోటి" అన్నారు. హాలంతా కన్నీళ్ళతోనే నవ్వింది. నేను లేచాను. నా కాళ్ళే నన్ను మైకు దగ్గరికి తీసుకెళ్ళాయి. "ఒక మాట చెప్పాలండి" అన్నాను. ఆ ఒక్క మాటకే జేబులో ఫోను మోగింది. మా అల్లుడు. "మామయ్య గారూ, హాస్పిటల్‌కి వచ్చేశాం. డాక్టర్లు ఇవాళే అంటున్నారు."

మైకు ఎవరి చేతిలో పెట్టానో నాకు తెలియదు. ఆ సాయంత్రం పాప పుట్టింది. నర్సు దాన్ని నా చేతుల్లో పెడితే, కడిగిన బియ్యం గిన్నె పట్టుకున్నట్టే రెండు చేతులా పట్టుకున్నాను. లిఫ్టులో ఎక్కినవాళ్ళకి చెప్పాను. పార్కింగులో కారు తీస్తున్న తెల్లాయనకి చెప్పాను. ఆయన దిగి నన్ను కావలించుకున్నాడు. మా పోస్టుమ్యాన్‌కి రెండుసార్లు చెప్పానట. నా అంత అదృష్టవంతుడు ఈ టెక్సాస్‌లో లేడని ఇప్పటికీ అనుకుంటున్నాను. అనుకుంటూనే ఎదురింటి తలుపు వైపు చూస్తాను. మణికట్టు పట్టుకుని నూట నలభై, పసిపిల్లకి బావుంది అనే మనిషి ఏడి?

పోయిన శనివారం పాపకి ఐదో నెల అన్నప్రాశన. డాక్టరు గారి పిల్లలు ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు వచ్చే వారం దిగుతారు. తాళం ఇంకా నా దగ్గరే ఉంది, ఆయన పిల్లల్ని అడిగే ఆ గరాజ్‌లోనే వండాం. పాప మొదటి ముద్ద చప్పరించి, ముఖం చిట్లించి, మళ్ళీ నోరు తెరిచింది. నేను ఒక ముద్ద తీసి డ్రైవ్‌వే సిమెంటు మీద పెట్టాను. ఇక్కడ మన కాకులు కనబడవు. షాపుల పార్కింగుల్లో తిరిగే నల్లపిట్టలు, పొడుగు తోక, పసుపు కన్ను, అవే మాకు కాకులు. ఒకటి వచ్చి మెయిల్‌బాక్సు మీద వాలింది. బంగాళాదుంప వేపుళ్ళ కోసం మనుషుల చేతుల మీదికొచ్చే పిట్ట అది. అన్నం వైపు చూసింది, రాలేదు. అందరూ లోపలికి వెళ్ళాక కూడా నేను అక్కడే తచ్చాడుతూ చూశాను. రాలేదు.

ఇవాళ మళ్ళీ శనివారం. ఇది రాస్తున్నది ఆ గరాజ్‌లోనే, ఆయన మడత కుర్చీలో. ఆరున్నరకి తలుపు ఎత్తాను. పాప పక్కన బండిలో నిద్రపోతోంది. కాబట్టి, ఆ రోజు బస్సులో ఉన్న నలభై మందికీ, ఆ కథ విని నవ్విన అందరికీ, ఫ్రీమాంట్ ఇంజనీరు గారికీ చెబుతున్నాను. రోములో కుక్కరు కాల్చింది అక్కయ్య గారు కాదు. ఆవిడకి కరెంటు తేడా తెలుసు. నాకు చెప్పి మరీ వెళ్ళారు. ఆవిడ చేతిలో ఉన్నవి రెండు పెరుగు డబ్బాలు మాత్రమే.

ఇది రాస్తుండగానే కుక్కరు టక్ మంది, ఎర్రలైటు ఆరింది. మూత తీసి, పెరుగు కలిపి, ఒక ముద్ద తీసుకెళ్ళి సిమెంటు మీద పెట్టి వచ్చాను. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చున్నాను. మెయిల్‌బాక్సు మీద పిట్ట ఒకసారి తల పక్కకి వంచింది. ఇప్పుడు కిందికి దిగింది. తోక ఈడ్చుకుంటూ, ఆగుతూ, డ్రైవ్‌వే మీద నడిచి వస్తోంది.